జంప్ దూరానికి బైండింగ్ షీట్

ట్రావెలర్ అనే అంతరిక్ష రోల్‌ప్లే ఆట ఆడేటప్పుడు షిప్ ఏ గ్రహం దాకా జంప్ చేయగలదో, అంటే ఒక్క దూకులో చేరగలదో తేల్చడానికి ప్రతిసారీ మ్యాప్ మీద ఆరు మూలల గళ్లు లెక్కపెట్టాలి. ఒకరు మూడంటారు, ఇంకొకరు నాలుగంటారు, ఆట అక్కడే ఆగిపోతుంది.

హనుమకొండలో ప్రాజెక్టు రిపోర్టులు బైండింగ్ చేసే జిరాక్స్ షాపులో అట్ట మీద వేసే ట్రాన్స్‌పరెంట్ షీట్ ఒకటి అడిగి తీసుకోండి. దాన్ని మ్యాప్ మీద పరిచి, మధ్యలో ఒక గడికి సీడీ మార్కర్‌తో చుక్క పెట్టండి. స్కెచ్ పెన్ వద్దు, చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. చుక్క గడితో కలిపి 7 గళ్ల చుట్టూ ఒక గీత, 19 గళ్ల చుట్టూ రెండోది, 37 గళ్ల చుట్టూ మూడోది. రంగులు మార్చండి. ఇక చుక్కను షిప్ ఉన్న గడి మీద పెడితే చాలు, జంప్-2 షిప్‌కి, అంటే ఒక్క జంప్‌లో రెండు గళ్ల దూరం పోగలిగే దానికి, రెండో గీత లోపలున్నవన్నీ అందుతాయి.

గీతల పక్కనే 10, 20, 30 అని కూడా రాసుకోండి. పార్సెక్కుకి, అంటే మ్యాప్ మీద ఒక గడి దూరానికి, షిప్ పరిమాణంలో 10 శాతం ఇంధనం కదా; 200 టన్నుల షిప్ రెండు పార్సెక్కులు పోవాలంటే 40 టన్నులు. ప్రయాణం ఎంత దూరమైనా దాదాపు వారమే కాబట్టి రోజుల లెక్క అక్కర్లేదు.

మ్యాప్ మళ్లీ ప్రింట్ తీయిస్తే మాత్రం చూసుకోండి. 'ఫిట్ టు పేజ్' పెట్టి ఇస్తే గళ్ల సైజు మారి షీట్ కలవదు.