గండికోటలో పెన్నా గండిని నడిచి చూడటం ఎలా?

చెరువు కట్ట తెగితే గండి పడిందంటాం. కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పెన్నా నది ఎర్రమల కొండలకే గండి పెట్టింది. ఆ గండి అంచున కట్టిన కోట కాబట్టి అది గండికోట. పైన నిలబడితే రెండు మూడు వందల అడుగుల కింద నది మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. రెండు పక్కలా ఎర్రరాయి నిట్టనిలువుగా, ఎవరో ఇటుక మీద ఇటుక పేర్చినట్టు ఉంటుంది.

చాలామంది ఇక్కడికి మధ్యాహ్నం పన్నెండింటికి వస్తారు. అంచు దగ్గర నాలుగు ఫొటోలు దిగి, గంటలో బండెక్కుతారు. మొదటిసారి నేనూ అంతే చేశాను. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రాయికి రంగుండదు, కళ్లు తెరవలేం, నీళ్లెక్కడ దొరుకుతాయా అన్నదే ధ్యాస. రెండోసారి ఒక రాత్రి ఉండి, ఒక సాయంత్రం, ఒక ఉదయం నడిచాక గానీ నేను ఏం చూడకుండా వెళ్లిపోయానో తెలియలేదు. అందుకే కింద రాసిందంతా ఒక రాత్రి, రెండు నడకలు లెక్కలో రాశాను. అంత సమయం లేకపోతే ఇంకో సెలవు దొరికేదాకా ఆగండి. నిజంగానే చెబుతున్నాను.

1. కాలం చూసుకోండి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానలు వెళ్లి గండిలో నీళ్లు నిండుగా ఉంటాయి, పొద్దున చలిగా కూడా ఉంటుంది. మార్చి దాటితే కడప జిల్లా ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. బండరాయి కింద నుంచి సెగ కొడుతుంది, చెట్టు నీడ అరుదు. ఏప్రిల్, మే నెలల్లో చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో రావద్దు. వానాకాలంలో కొండలు పచ్చబడి అందంగా ఉంటాయి కానీ తడిసిన బండ జారుతుంది. ఆ రోజుల్లో దూరం నుంచి చూడటంతో సరిపెట్టుకోవాలి.

శని, ఆదివారాలు, సంక్రాంతి సెలవులు జనంతో నిండిపోతాయి. వారం మధ్యలో రాగలిగితే గండి అంచున మీరూ గాలీ తప్ప ఇంకెవరూ ఉండని గంట దొరుకుతుంది.

2. చేరడం, రాత్రి ఉండటం

ఎటు నుంచి వచ్చినా ముందు జమ్మలమడుగు చేరాలి. అక్కడికి కోట 15 కిలోమీటర్లు. కడప, ప్రొద్దుటూరు, ముద్దనూరు, తాడిపత్రి నుంచి జమ్మలమడుగుకు బస్సులుంటాయి. రైల్లో వచ్చేవాళ్లకు గుంతకల్లు-రేణిగుంట మార్గంలో ముద్దనూరు, ఎర్రగుంట్ల స్టేషన్లు దగ్గర. నంద్యాల-ఎర్రగుంట్ల లైను మీద జమ్మలమడుగుకే స్టేషన్ ఉంది. హైదరాబాదు నుంచి కారులో అయితే కర్నూలు, బనగానపల్లె మీదుగా ఏడెనిమిది గంటలు పెట్టుకోండి. బెంగళూరు వాళ్లు కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా వస్తారు.

జమ్మలమడుగు నుంచి కోటకు బస్సులు తక్కువ. ఆటో మాట్లాడుకుంటే పోనూ రానూ కలిపి మాట్లాడుకోండి. మర్నాడు ఎన్నింటికి వచ్చి తీసుకెళ్లాలో కూడా అప్పుడే చెప్పి, డ్రైవరు ఫోన్ నంబరు రాసుకోండి. పైన సిగ్నల్ అన్నిచోట్లా ఒకేలా అందదు. పెట్రోలు, డబ్బు, మందులు కూడా జమ్మలమడుగులోనే చూసుకోవాలి.

ఉండటానికి పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది. అంచుకు దగ్గరలో గుడారాలు అద్దెకిచ్చేవాళ్లూ ఉంటారు. గుడారం తీసుకునేముందు రెండు సంగతులు కళ్లతో చూడండి: బాత్రూం ఎక్కడుంది, గుడారం అంచుకు ఎంత దూరంలో వేశారు. రాత్రి నిద్రమత్తులో లేచి నడిచేవాళ్లుంటారు కదా. అంచు నుంచి కనీసం యాభై అడుగులైనా ఎడం లేకపోతే, ఎంత చౌకైనా వద్దనేయండి.

3. సంచిలో ఏముండాలి

మనిషికి మూడు లీటర్ల నీళ్లు. ఇది తగ్గించుకోవద్దు. పట్టు ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులతో ఈ బండల మీద నడక కుదరదు. కంపచెట్ల మధ్య నుంచి వెళ్లాల్సి వస్తుంది కాబట్టి కాళ్లు పూర్తిగా కప్పే ప్యాంటు మేలు. టోపీ, టార్చి, రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, గీసుకుంటే వేసుకోవడానికి కాస్త దూది, ప్లాస్టరు. తినేవి సంచిలోపలే ఉంచి జిప్పు వేయండి. కోతులు చేతిలో కవరు చూస్తే వదలవు.

4. మొదటి సాయంత్రం: అంచు దగ్గర ఎలా నిలబడాలి

నాలుగింటికల్లా కోటలోకి వెళ్లండి. ఊరు కోటలోపలే ఉంది. మసీదు, ధాన్యాగారం దాటి రంగనాథస్వామి గుడి వైపు నడిస్తే, పది పదిహేను నిమిషాల్లో నేల అయిపోతుంది. బండలు ఎక్కిదిగుతూ పోతారు, ఉన్నట్టుండి ముందు ఆకాశం, కింద నది.

ఇక్కడ కాస్త ఆగి రాయి గురించి తెలుసుకోవాలి. మీ ప్రాణం దాని మీదే నిలబడి ఉంటుంది. వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాయి ఇది. పొరలు పొరలుగా పేరుకున్న ఇసుక బిగుసుకుని, ఇంకా బిగుసుకుని ఇలా గట్టిపడింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని గండికోట క్వార్ట్‌జైట్ అనే పిలుస్తారు. ఇసుక పొరల వల్ల రాయికి అడ్డగీతలు వచ్చాయి. భూమి ఒత్తిడికి నిలువుగా బీటలు వచ్చాయి. అడ్డగీతా నిలువు బీటా కలిసిన ప్రతిచోటా రాయి దిమ్మెలా విడిపోతుంది. గండి గోడలు ఇటుకలు పేర్చినట్టు కనబడేది అందుకే. కింది దిమ్మె ఊడి నదిలో పడిపోయాక, పైది ఏ ఆధారమూ లేకుండా గాలిలోకి పొడుచుకుని మిగిలిపోతుంది. మనం ఫొటోకు నిలబడాలనుకునే బండ సరిగ్గా అదే.

నేను అలాంటి ఒక బండ మీదికి కాలు చాపబోతుంటే మేకలు తోలుకుపోతున్న పిల్లవాడు ఒకడు అరిచాడు. "అన్నా, దానిమీద నిలబడొద్దన్నా. దాని కింద ఏం లేదు!" పక్కకు జరిగి వంగి చూశాను. నిజంగానే కింద ఏమీ లేదు.

కాబట్టి ఈ పద్ధతి పాటించండి. అంచుకు వెళ్లేముందు పక్క నుంచి, ఎడంగా నిలబడి, ఆ బండ కింద ఏముందో చూడండి. బండకూ వెనక నేలకూ మధ్య బీట కనిపిస్తే దాన్ని దాటొద్దు. కొత్త రాయి మీద ముందు ఒక కాలితో నొక్కి చూసి, కదలకపోతేనే బరువు వేయండి. అంచుకు ఒక మనిషి పొడవు దూరంలో ఆగిపోండి. ఇంకా ముందుకెళ్లి చూడాలనిపిస్తే కూర్చుని, లేదా బోర్లా పడుకుని చూడండి. నది అలాగే బాగా కనబడుతుంది కూడా. గాలి ఇక్కడ ఒక్కసారిగా విసురుతుంది, నిలబడ్డవాళ్లను తూలేలా చేస్తుంది. చాలాచోట్ల కంచె లేదు. సెల్ఫీ కోసం నదికి వీపు చేసి వెనక్కి అడుగు వేయడం మాత్రం ఎవరు అడిగినా చేయొద్దు. పిల్లల చేయి వదలొద్దు.

చోటు చూసుకుని కూర్చున్నాక ఇక చేయాల్సిన పనేమీ లేదు. పొద్దు వాలేకొద్దీ గోడల మీద నీడ కింద నుంచి పైకి పాకుతుంది. ఇటుక రంగు కాస్తా కుంకుమ రంగుకు, ఆ తర్వాత వంకాయ రంగుకు తిరుగుతుంది. చీకటి పడకముందే, దారి కనిపిస్తుండగానే లేవండి. డిసెంబరులో ఆరుంపావు దాటితే అడుగు ఎక్కడ వేస్తున్నామో తెలియదు.

5. తెల్లవారుజామున: అంచు వెంబడి నడక

ఐదున్నరకు టార్చితో బయల్దేరండి. నిన్న సాయంత్రం నడిచిన దారే కాబట్టి చీకట్లో తడబాటు ఉండదు. మొదటి సాయంత్రం రమ్మన్నది ఇందుకు కూడా. శీతాకాలంలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఒక్కో రోజు నది మీద పల్చటి మంచు ఉంటుంది.

వెలుగు వచ్చాక అసలు నడక మొదలుపెట్టండి. అందరూ గుమిగూడే చోటు వదిలేసి, అంచుకు పదిహేను ఇరవై అడుగులు ఎడంగా, కోటగోడ పక్కపక్కనే నడవండి. దారి అంటూ వేసినది ఉండదు, మేకలు నడిచిన జాడే దారి. ప్రతి వంద గజాలకు నది వంపు కొత్తగా కనిపిస్తుంది. నిన్న చూసిన గోడే ఇవాళ ఇంకో పక్క నుంచి చూస్తే వేరే కొండలా ఉంటుంది. పెన్నా ఎక్కడో కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, అనంతపురం దాటి, చిత్రావతిని కలుపుకుని ఇక్కడికి చేరుతుంది. మిగతా దారంతా విశాలమైన ఇసుక మేటల మీద తీరికగా పారే నది ఇలా ఒదిగి, ఇరుకులో దూరి వెళ్లడం ఇక్కడ చూస్తాం.

వెనక్కి రావడానికి గుర్తుగా మాధవరాయస్వామి గుడి గోపురాన్ని పెట్టుకోండి, దూరానికి కూడా కనబడుతుంది. ఎనిమిదిన్నర కాగానే ఎంత దూరంలో ఉన్నా వెనక్కి తిరగాలి.

6. నీటి దాకా దిగాలంటే

దిగడానికి దారి ఉంది, కానీ అందరికీ కాదు. దిమ్మెల మీంచి దిమ్మెల మీదికి చేతులు ఆనించి దిగాలి, ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు, ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు పైనే ఉండాలి. దిగేవాళ్లు ఊళ్లో దారి తెలిసిన మనిషిని తోడు తీసుకోండి. అడిగినంత ఇచ్చేయండి, బేరాలాడే చోటు కాదిది. ఒంటరిగా, తాగి, లేదా పదింటి తర్వాత అసలు దిగొద్దు.

దిగాక నీళ్ల గురించి ఒక్క సంగతి గుర్తుండాలి. గండికి ఎగువన 26.85 టీఎంసీల గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. శ్రీశైలం నుంచి గోరకల్లు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో కృష్ణా నీళ్లు ఎగువ జలాశయానికి చేరతాయి. అంటే మీరు చూస్తున్న పెన్నాలో కృష్ణమ్మ కూడా ఉండొచ్చు. సీమ రైతుకు అదెంత పెద్ద మాటో వేరే చెప్పాలా! నడిచేవాళ్లకు మాత్రం దీని అర్థం వేరు. ఇక్కడ వాన పడకపోయినా, ఎగువ గేట్లు ఎత్తితే నీటిమట్టం పెరుగుతుంది. కాబట్టి దిగే రోజు పొద్దున గేట్ల సంగతి ఊళ్లో కనుక్కోండి. నీళ్లు వదులుతున్నారంటే దిగొద్దు. నీటి మధ్య బండ మీదికి వెళ్లి కూర్చోవద్దు. ఈత వచ్చినా ఈ నీళ్లలోకి దిగొద్దు. పైకి కదలకుండా కనిపించినా లోతు ఎక్కడెంతో తెలియదు, పట్టుకుని ఎక్కడానికి గట్టు ఉండదు. నీటి మీద నుంచి గండి చూడాలనుంటే పడవలు నడుపుతున్న రోజుల్లో లైఫ్ జాకెట్ వేసుకుని వెళ్లడం మంచిది.

7. ఎండ ఎక్కాక కోట

తొమ్మిది తర్వాత నీడపట్టున ఉండాలి, అందుకు కోట ఉంది. జామియా మసీదు, దాని పక్కన ధాన్యాగారం, కత్తుల కోనేరు, మాధవరాయస్వామి గుడి, అన్నీ నడకదూరమే. ధాన్యాగారం లోపల గోడలు ఎంత మందమంటే, బయట కాలిపోతున్నా లోపల చల్లగా ఉంటుంది. మాధవరాయస్వామి మండపంలో స్తంభాల మీద చెక్కడం తీరిగ్గా చూడండి. విజయనగర కాలపు పనితనం అది.

విజయనగర రాజుల కింద పెమ్మసాని నాయకులు ఈ కోటను ఏలారు. 1650లో గోల్కొండ సుల్తాను సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. రెండేళ్లకు, 1652లో, ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఆయన్ని కలవడానికి ఇక్కడికే వచ్చాడు. కొండకు ఒకే దారి ఉందనీ, అది కొన్నిచోట్ల మరీ ఇరుకనీ రాసుకున్నాడు. నిన్న అంచున కూర్చుని చూసిన మీకు ఆ దారి సంగతి బాగా అర్థమవుతుంది. ఒక వైపు కోటకు గోడ కట్టే పని నదే చేసిపెట్టింది.

గోడల మీద పేర్లు రాయొద్దు, ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని కిందికి తెచ్చేయండి. గండిలోకి విసిరిన సీసా ఎవరూ దిగి తీయలేని చోట పడుతుంది.

8. తిరుగు దారి

పన్నెండులోపు కోట దిగితే జమ్మలమడుగులో భోజనానికి అందుతారు. సంగటి దొరికిన చోట సంగటి, దానిలోకి ఊరిమిండి అనే పచ్చడి అడగండి. పొద్దునపూట అయితే కారం దోశ, ఉగ్గాని-బజ్జీ. ఇంకో పూట చేతిలో ఉంటే గంటన్నర ప్రయాణంలో కొలిమిగుండ్ల దగ్గర బేలం గుహలున్నాయి. కానీ పొద్దున నీటి దాకా దిగి ఎక్కినవాళ్లు ఆ రోజు అటు వెళ్లకపోవడమే మంచిది. బేలంలో కూడా నడవాలి, లోపల ఉక్కపోత. అది మర్నాటికి పెట్టుకుని, ఆ సాయంత్రం కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని కూర్చోండి.