ఇల్లు మారేటప్పుడు పడక సామాను, బట్టలు వ్యాక్యూమ్ బ్యాగుల్లో సర్దడం ఎలా?

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మంచాలు, ఫ్రిజ్, బీరువా ఎంత చోటు ఆక్రమిస్తాయో చూడగానే తెలిసిపోతుంది. లెక్క తప్పేది పడక సామాను దగ్గరే. రగ్గులు, కంఫర్టర్లు, దిండ్లు, స్వెట్టర్లు అన్నీ మూటలు కడితే ఒక గది సగం నిండుతుంది. మేము హైదరాబాద్ నుంచి విశాఖపట్నం మారినప్పుడు అవే పదకొండు మూటలయ్యాయి. వ్యాక్యూమ్ బ్యాగుల్లో పెట్టి గాలి తీసి సర్దాక నాలుగు అట్టపెట్టెల్లో పట్టాయి. అందుకే ఇల్లు మారుతున్నామని ఎవరు చెప్పినా ముందు ఈ బ్యాగులే కొనుక్కోమంటాను.

కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ బ్యాగు తీసేది గాలిని మాత్రమే. బరువు గ్రాము కూడా తగ్గదు. బట్టలో తేమ ఉంటే అది లోపలే ఉండిపోతుంది, బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది. పంపు పట్టుకునేలోపు చేసే పనిలోనే సగం ఫలితం ఉంది.

ముందుగా ఏవి పెట్టాలో తేల్చుకోండి

వస్తువును రెండు చేతులతో గట్టిగా నొక్కి చూడండి. బాగా అణిగి, వదలగానే మళ్లీ పొంగితే దానిలో గాలి ఎక్కువ ఉన్నట్టు. పాలిస్టర్ నింపిన కంఫర్టర్లు, దిండ్లు, మెత్తటి రగ్గులు, జాకెట్లు, పిల్లల బొమ్మలు ఈ కోవలోకి వస్తాయి. బ్యాగులు వీటికే వాడండి. పాత చీరలతో కుట్టిన బొంతలో గాలి పెద్దగా ఉండదు. జీన్స్, దుప్పట్లు, నూలు చీరలు కూడా అంతే. వాటిని బ్యాగులో పెడితే దుమ్ము, వాన తగలకుండా ఉంటాయి గానీ చోటు కలిసి రాదు.

బూరుగు దూది దిండ్లు మాత్రం పెట్టకండి. బూరుగు పోగు లోపల బోలుగా ఉంటుంది, ఆ బోలులోని గాలే దాని మెత్తదనం. అది నలిగితే ఉండలు కడుతుంది. మా అత్తగారు స్వయంగా నింపిన రెండు దిండ్లను అలాగే పోగొట్టుకున్నాను. ఎన్ని రోజులు ఎండలో పెట్టినా పాత పొంగు రాలేదు.

కంచి, ధర్మవరం, గద్వాల పట్టుచీరలు కూడా వద్దు. ఇంట్లో వాడే వ్యాక్యూమ్ క్లీనర్ వాతావరణ పీడనంలో సుమారు ఐదో వంతు తేడా తెస్తుందనుకుందాం. అప్పుడు బయటి గాలి చదరపు సెంటీమీటరుకు దాదాపు 200 గ్రాముల చొప్పున నొక్కుతుంది. 80×100 సెంటీమీటర్ల బ్యాగు ఒక వైపు మీద అది 1,600 కిలోలు! అంత ఒత్తిడిలో మడత దగ్గర జరీ విరుగుతుంది. పట్టుచీరలను నూలు గుడ్డలో చుట్టి, అన్నిటికంటే పైన పెట్టే పెట్టెలో ఉంచండి. తోలు జాకెట్లు, తోలు సంచులకు పడిన ముడతలు పోవు. మెమరీ ఫోమ్ దిండ్లను ప్రయాణం రెండు మూడు రోజులకు పెట్టవచ్చు, నెలల తరబడి నొక్కి ఉంచకూడదు.

ఉతికి, ఆరబెట్టి, చల్లారనివ్వండి

మనవాళ్లు చాలామంది ఆషాఢంలో కొత్త ఇంట్లోకి వెళ్లరు, శ్రావణం కోసం ఆగుతారు. అంటే సరిగ్గా వానల్లో మారతారు. ఫ్యాను కింద ఆరిన రగ్గు చేతికి పొడిగానే తగులుతుంది, నడిమధ్య మాత్రం చెమ్మ ఉంటుంది. దాన్ని బ్యాగులో పెట్టి నెల తర్వాత తీస్తే బూజు వాసన, నల్లటి చుక్కలు. ఆ చుక్కలు ఉతికినా పోవు.

కాబట్టి సామాను ఎత్తే తేదీకి కనీసం పది రోజుల ముందే పడక సామాను పని మొదలుపెట్టండి. ఎండ కాసిన రోజు వదులుకోవద్దు. ఒక పూట ఒక వైపు, మరో పూట రెండో వైపు తిప్పండి. ఆరిందో లేదో చూడాలంటే చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. దిండు కుట్టు అంచులు, స్వెట్టర్ మణికట్టు పట్టీలు, ప్యాంటు నడుము, జేబుల అడుగు విడిగా పట్టుకు చూడండి, అన్నిటికంటే ఆఖరున ఆరేవి అవే. సముద్ర తీరంలో ఉండేవాళ్లు సాయంత్రం గాలి తిరిగేలోపే డాబా మీంచి దింపెయ్యాలి. నూలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

ఎండలోంచి తెచ్చిన వెంటనే బ్యాగులో పెట్టకండి. వేడి బట్టతో పాటు వెచ్చటి గాలి, దాంతో తేమ లోపలికి వెళ్తాయి. చల్లారాక ఆ తేమ ప్లాస్టిక్ గోడ మీద చుక్కలుగా తేలుతుంది. గంటో రెండు గంటలో గదిలో పరిచి ఉంచండి. ఎండే రాకపోతే ఏసీ గదిలో విడదీసి ఆరేసి, ఆఖరున ఇస్త్రీ చేసి, చల్లార్చి సర్దండి.

నాఫ్తలీన్ గుళ్లు లోపల వెయ్యవద్దు. మూసిన బ్యాగులో ఆ ఆవిరి అంతా బట్టకే పడుతుంది. పసిపిల్లల బట్టల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. జి6పిడి లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము కొరత) ఉన్న శిశువులకు నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు చిట్లిపోయే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉందని చాలా ఇళ్లలో ముందుగా తెలియదు కూడా.

బ్యాగు నింపడం

డబుల్ కంఫర్టర్‌కు 80×100 సెంటీమీటర్ల బ్యాగు సరిపోతుంది. బట్టలకు 60×80 చాలు. కొనేటప్పుడు జిప్పు రెండు వరుసలుగా ఉందో లేదో, చేతి పంపు ఇచ్చారో లేదో చూసుకోండి.

నేల మీద ఇసుక గింజ కూడా లేకుండా తుడిచి, బ్యాగును పరవండి. హుక్కులు, పిన్నీసులు, బ్రోచీలు తీసెయ్యండి. జాకెట్ జిప్పులు వేసి, లోపలి వైపుకు తిప్పి మడవండి. మడతలు బ్యాగు వెడల్పుకు సరిపడా ఒకే ఎత్తులో రావాలి. బ్యాగు మీద ఎంతవరకు నింపాలో చూపే గీత ఉంటే గీత దాకా, లేకపోతే మూడింట రెండు వంతులే నింపండి. వాల్వు, అంటే గాలి లాగే మూత ఉన్న రంధ్రం, దాని కింద చదునైన బట్ట ఉండాలి. అక్కడ గుంట ఉంటే ప్లాస్టిక్ లోపలికి పోయి వాల్వును మూసేస్తుంది.

జిప్పు దగ్గర ఒక దారప్పోగు ఇరుక్కున్నా గాలి మళ్లీ చేరుతుంది. గాడిని పొడిగుడ్డతో తుడిచి, జిప్పు మీది క్లిప్పును ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కు జరపండి. తర్వాత వేలితో నొక్కుకుంటూ మూలల దాకా వెళ్లండి. మూలల్లోనే ఎక్కువగా తప్పు జరుగుతుంది.

గాలి తీయడం

ముందు చేతులతో మెల్లగా అదిమి కొంత గాలి పంపెయ్యండి. క్లీనర్ ఉంటే గొట్టం మూతిని తుడిచి, వాల్వు మీద నిటారుగా ఆనించి, స్విచ్ వేయండి. బ్యాగు చదునుగా అణిగి, చప్పుడు మారగానే ఆపాలి. గాలి ఆడకుండా చాలాసేపు నడిపితే క్లీనర్ మోటారు వేడెక్కుతుంది. గొట్టం తీయగానే మూత బిగించండి. పూర్తిగా రాయిలా అయ్యేదాకా లాగాల్సిన పని లేదు. ఎత్తు సగానికి వస్తే చాలు, దిండ్లకు ప్రాణం మిగులుతుంది.

క్లీనర్ లేని ఇళ్లలో చేతి పంపుతోనే పని జరుగుతుంది, కాస్త ఓపిక కావాలి. ఒకరు బ్యాగు పట్టుకుంటే ఒకరు కొట్టడం మేలు. పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి. ఖాళీ బ్యాగు తల మీద వేసుకుంటే ఊపిరాడదు.

ఆ రాత్రి అలాగే వదిలేయండి. తెల్లారేసరికి ఉబ్బితే జిప్పో వాల్వో కారుతున్నట్టు. మళ్లీ మూసి చూడండి. సూది రంధ్రం దొరికితే అక్కడ తుడిచి ఆరబెట్టి, వెడల్పాటి ప్యాకింగ్ టేపు బయటి వైపు అంటించండి. ఈ పరీక్ష కోసమే లారీ వచ్చే రోజుకు ముందు రోజు కాకుండా రెండు మూడు రోజుల ముందే బ్యాగులు కట్టాలి.

లారీ ఎక్కించేటప్పుడు

బ్యాగులను వదులుగా లారీలో వెయ్యనివ్వకండి. మంచం కోడో, స్టీలు గిన్నె అంచో తగిలితే చిరిగి ఉబ్బిపోతాయి. అట్టపెట్టెలోనే పెట్టించండి, పైన నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. ఎక్కడైనా గాలి చేరినా పెట్టె పగలదు. పెట్టె మీద గది పేరు, లోపల ఏముందో పెద్ద అక్షరాలతో రాయండి. బరువు కూడా చూసుకోండి. చోటు ఉంది కదా అని ఒకే పెట్టెలో ఎక్కువ బ్యాగులు పెడితే మోసేవాళ్ల నడుము విరుగుతుంది.

ఒక మూట మాత్రం బ్యాగుల్లో కలపకుండా విడిగా కట్టండి. పాలు పొంగించే రోజు కట్టుకునే బట్టలు, ఆ రాత్రి పడుకోవడానికి దుప్పట్లు, దిండ్లు, తువ్వాళ్లు. అలసిపోయి చేరిన రాత్రి బ్యాగులు వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.

అమెరికా చదువుకు వెళ్లే పిల్లలు కూడా ఇవే బ్యాగులు వాడుతుంటారు. చెకిన్ పెట్టెకు సాధారణంగా 23 కిలోల హద్దు ఉంటుంది. చోటు మిగిలింది కదా అని నింపితే పెట్టె మూత పడుతుంది, తూకం దాటిపోతుంది. సర్దాక తప్పకుండా తూచండి. వాల్వు లేకుండా చేత్తో చుట్టి గాలి తీసే చిన్న బ్యాగులే ప్రయాణానికి మంచివి. తనిఖీలో ఎవరైనా తెరిచినా, తిరుగు ప్రయాణంలో క్లీనర్ లేకపోయినా మళ్లీ సర్దుకోవచ్చు.

కొత్త ఇంట్లో

చేరిన వారంలోపే తెరవండి. సజ్జ మీదే ఉంచాల్సిన చలిబట్టలైనా ఆరు నెలలకోసారి తీసి గాలి తగలనివ్వండి. కంఫర్టర్‌ను తీసి నాలుగు మూలలా పట్టుకుని దులిపి, ఒక పూట ఎండలో వెయ్యండి. దిండును అటూ ఇటూ తడితే లోపలి పోగు విడిపోతుంది. మొదటి రోజు పల్చగా కనిపించినా కంగారుపడొద్దు, పాలిస్టర్ పొంగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఖాళీ అయిన బ్యాగులను లోపల తుడిచి, జిప్పు తెరిచి నీడలో ఆరబెట్టి, మడవకుండా చుట్టి పెట్టుకోండి. పదేపదే మడిచిన చోటే ప్లాస్టిక్ చీలుతుంది.