పాత రాజకీయ సినిమా వేసి, దాని మీద చర్చ నడపడం ఎలా?

సినిమా వేయడం ఎవరికైనా వచ్చు. వేశాక ముప్పావుగంట ఆ సినిమా గురించే మాట్లాడుకోవడం దగ్గర అందరూ తప్పుతారు. రాజకీయ సినిమా అయితే మరీ. పది నిమిషాలు తిరిగేసరికి తెరమీది మనుషులు మాయమైపోతారు, హాల్లో మన పార్టీలు, మన నాయకులు, ఎవరి కులం వాళ్లు మిగులుతారు. ఇంటికెళ్లేటప్పుడు ఏ సినిమా చూశామో కూడా గుర్తుండదు. ఫిల్మ్ క్లబ్బుల్లో, కాలేజీల్లో, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాళ్లలో ఏళ్ల తరబడి ఇదే తంతు.

ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒకే సినిమాకి: 1949లో రాబర్ట్ రాసెన్ తీసిన 'ఆల్ ద కింగ్స్ మెన్'. రాబర్ట్ పెన్ వారెన్ 1946 నవల దీనికి ఆధారం. ఉత్తమ చిత్రం, ఉత్తమ నటుడు (బ్రాడరిక్ క్రాఫర్డ్), ఉత్తమ సహాయ నటి (మెర్సెడీస్ మెకేంబ్రిడ్జ్) ఆస్కార్లు వచ్చాయి. పల్లెటూరి నిజాయితీపరుడు విల్లీ స్టార్క్ గవర్నరై (అమెరికాలో గవర్నరంటే జనం ఓట్లేసి ఎన్నుకునే రాష్ట్ర పాలకుడు), రోడ్లు వేసి, ఆసుపత్రి కట్టి, అడ్డొచ్చినవాళ్లను లొంగదీసుకునే కథ. చాలామంది దీని బదులు కాప్రా తీసిన 'మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్' (1939) వేస్తారు. మంచి సినిమానే, కానీ చర్చకు పనికిరాదు. చివర్లో తప్పు చేసిన సెనేటరే తప్పు ఒప్పేసుకుంటాడు, జనం చప్పట్లు కొట్టి లేచిపోతారు. ఇక మాట్లాడటానికి ఏం మిగులుతుంది?

డిస్కు, తెర, శబ్దం

ముందు సంవత్సరం చూసుకోండి. 2006లో షాన్ పెన్‌తో ఇదే పేరుతో మళ్లీ తీశారు. పొరపాటున అది తెచ్చేవాళ్లు ఉన్నారు. మీక్కావలసింది నలుపు తెలుపు సినిమా, నిడివి గంటా యాభై నిమిషాలు. ఇంట్లో చూసుకోవడానికి కొన్న డిస్కుతో నలుగురికీ ప్రదర్శించే హక్కు దానంతట అదే రాదు. హక్కుదారుల అనుమతి సంగతి ముందే తేల్చుకోండి.

ఎనిమిది అడుగుల తెరకు మూడు వేల ల్యూమెన్ల ప్రొజెక్టర్ చాలు, హాలు చీకటిగా ఉంటే. కిటికీలకు నల్లగుడ్డ కట్టండి. బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది (1.37:1), పక్కన నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. తెర నిండాలని సాగదీస్తే అసలే భారీ మనిషైన క్రాఫర్డ్ కామెడీ విలన్‌లా కనిపిస్తాడు. శబ్దం మోనో (ఒకే ఛానెల్) కాబట్టి ఒక్క మంచి స్పీకరు తెర కింద పెట్టి బేస్ తగ్గించండి. సభల్లో విల్లీ అరుపులు గదిలో మోగకుండా ఉంటాయి. తెలుగు సబ్‌టైటిళ్లు సొంతంగా రాసుకుంటే ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేసి, ఏ ల్యాప్‌టాప్‌తో వేయబోతున్నారో దానిమీదే ముందురోజు చూసుకోండి. లేకపోతే అక్షరాల చోట డబ్బాలొస్తాయి.

వేళ

ఆరింటికి మొదలు. ఐదు నిమిషాలు ముందుమాట, 7.55కి సినిమా అయిపోవాలి, పది నిమిషాలు టీ, 8.05 నుంచి 8.50 దాకా చర్చ. ముఖ్య అతిథి వద్దు. అతిథి అంటే శాలువా, శాలువా అంటే ఫొటో, ఫొటో అంటే ఆయన పక్కన నిలబడటానికి మరో నలుగురు. సినిమా ఏడింటికి గానీ మొదలవదు, ఆపైన చర్చలో తొలి ఇరవై నిమిషాలు ఆయనవే.

ఇంటర్వెల్ కూడా వద్దు. మనకు అలవాటు కాబట్టి ఎవరో ఒకరు అడుగుతారు, ఒప్పుకోకండి. ఇంటర్వెల్ వేయడానికి వీలుగా కనిపించేది విల్లీ గవర్నరయ్యే చోటే. అక్కడ ఆపితే జనం టీ తాగుతూ సినిమాను రెండు ముక్కలు చేసేస్తారు: ఫస్టాఫ్‌లో మంచి విల్లీ, సెకండాఫ్‌లో చెడ్డ విల్లీ. అలా ఒకసారి మనసులో పడ్డాక మీరెంత గింజుకున్నా ఆ ముక్కలు అతకవు.

ముందుమాటలో దర్శకుడి పేరు, సంవత్సరం, నవల. అంతే. విల్లీకి మూలం అమెరికాలోని లూసియానా రాష్ట్రానికి గవర్నరూ సెనేటరూ అయిన హ్యూయీ లాంగ్ అన్న సంగతి అప్పుడు చెప్పొద్దు. చెబితే జనం రెండు గంటలూ పోలికలు వెతుకుతూ కూచుంటారు. చర్చ మధ్యలో చెబితే పనికొస్తుంది, ఎక్కడన్నది కింద ఉంది.

అసలు కష్టం: మొదటి ప్రశ్న

"ఎలా ఉంది సినిమా?" అని అడగకండి. "బావుందండీ" అంటారు, అయిపోయింది. "విల్లీ మంచివాడా చెడ్డవాడా?" అన్నది ఇంకా ప్రమాదం, హాలు రెండు జట్లుగా చీలి, ఆ జట్లు మన పార్టీల గీత మీదే చీలతాయి.

సినిమా అయిపోగానే, లైట్లు పూర్తిగా వేయకముందే, అందరికీ చిన్న చీటీ, పెన్సిలు ఇవ్వండి. ఒకే ప్రశ్న: "విల్లీ మారాడని మీకు మొదట అనిపించిన సీను ఏది?" ఒక్క సీను, ఒక్క వాక్యం, పేరు అక్కర్లేదు. టీకి ముందే చీటీలు తీసుకోవాలి. టీ తర్వాత అడిగితే గొంతు పెద్దదైన ఒకాయన అభిప్రాయమే సగం చీటీల్లో కనిపిస్తుంది.

టీ తాగే పది నిమిషాల్లో చీటీలను కుప్పలుగా వేయండి. సాధారణంగా నాలుగొస్తాయి. మొదటిది, ఓట్లు చీల్చడానికే తనను నిలబెట్టారని తెలిసి తప్పతాగిన విల్లీ, రాసిచ్చిన ప్రసంగం పక్కన పడేసి జనంతో మాట్లాడే సభ. రెండోది, మళ్లీ పోటీ చేసినప్పుడు డబ్బున్నవాళ్లతో కుదుర్చుకున్న ఒప్పందాలు. మూడోది, ఒక అధికారి దొంగతనం బయటపడితే అతని చేత తేదీ లేని రాజీనామా మీద సంతకం పెట్టించుకుని, మళ్లీ అదే పనిలో ఉంచడం. నాలుగోది, కొడుకు టామ్ తాగి కారు నడిపి ఒక అమ్మాయి చావుకి కారణమయ్యాక, ప్రలోభానికి లొంగని ఆ అమ్మాయి తండ్రి శవమై తేలడం.

కుప్పలు ఇన్ని రావడానికి సినిమా తయారైన తీరు కూడా ఒక కారణం. మొదట కూర్చిన ప్రింటు బాగా పొడుగైపోతే, రాసెన్ ఎడిటర్ రాబర్ట్ పారిష్‌తో ప్రతి సీనుకూ నడిబొడ్డు ఏదో చూసుకుని, దానికి ముందు వంద అడుగులు, తర్వాత వంద అడుగులు ఉంచి మిగతాది కోసేయమన్నాడు. 35 ఎంఎంలో వంద అడుగులంటే సుమారు 67 సెకన్లు. అందుకే విల్లీ మారడం మెల్లగా కనిపించదు. ఒక సీనులో ఒకలా, తర్వాతి సీనులో ఇంకోలా ఉంటాడు. ఆ మధ్యన ఏం జరిగిందో చూసేవాళ్లు పూరించుకోవాలి. ఎవరెలా పూరించుకున్నారన్నదే మీ చర్చ.

చర్చ చిన్న కుప్పతో మొదలెట్టండి. పెద్ద కుప్పతో మొదలెడితే అందరూ తలూపి ఊరుకుంటారు. రెండో సీను రాసినవాళ్లు తరచు ఇద్దరు ముగ్గురే ఉంటారు, కానీ బలం వాళ్ల దగ్గరే ఉంది. ఎందుకంటే హాల్లో ఎవరో ఒకరు "అధికారం వస్తే ఎవడైనా అంతేనండీ" అని తీరతారు, ఆ మాటతో చర్చ చస్తుంది. అప్పుడు ఈ చీటీ తీసి చదవండి. ఒప్పందాలు కుర్చీకి ముందు జరిగాయి. బేరాలన్నీ అయ్యాకే విల్లీ గవర్నరయ్యాడు. మరి అధికారం చెడగొట్టింది ఎవర్ని?

దీనికి అవతలి గట్టు కూడా ఉంది: "రోడ్లు వేశాడు, ఆసుపత్రి కట్టాడు, ఇంకేం కావాలి?" దీన్ని ఖండించొద్దు. రెండు సీన్లు పక్కపక్కన పెట్టండి. అవినీతి కాంట్రాక్టుతో కట్టిన బడి మెట్లు కూలి పిల్లలు చనిపోవడంతోనే విల్లీకి పేరొచ్చింది. ముందే హెచ్చరించిన మనిషి కాబట్టి. తర్వాత ఇంకొకరి బిడ్డ చావును కప్పిపుచ్చవలసి వచ్చినవాడూ అతనే. ఈ రెండూ గుర్తుచేసి మీరు నోరు మూసుకోండి. నిశ్శబ్దం నిమిషం దాకా సాగినా పూరించొద్దు, ఎవరో ఒకరు మాట్లాడతారు.

తెరమీదే ఉంచడం

తొలి ముప్పై నిమిషాలు మన నాయకుల పేర్లు నిషేధం. దీన్ని చర్చ మొదట్లోనే చెప్పేయాలి, మధ్యలో చెబితే ఫలానా పార్టీవాడని మీ మీద పడతారు. ఎవరైనా పేరెత్తితే వాదించకుండా బోర్డు మీద ఒక మూల రాసి, "ఏ సీను చూస్తే ఆయన గుర్తొచ్చారు?" అని అడగండి. సీను చెప్పగలిగితే ఆ సీను గురించి మాట్లాడించండి. చెప్పలేకపోతే ఆయనే కూర్చుంటారు. తేదీ లేని రాజీనామా దగ్గర ఈ ముచ్చట తప్పకుండా వస్తుంది, కాచుకుని ఉండండి.

పదిహేనో నిమిషం దగ్గర ఒక సీను మళ్లీ వేయండి. డాక్టర్ ఆడమ్ స్టాంటన్‌ను కొత్త ఆసుపత్రికి అధిపతిగా రమ్మని విల్లీ అడిగే సీను. మీ డిస్కులో అది ఎన్నో నిమిషంలో ఉందో ముందే కాగితం మీద రాసుకోండి; అందరి ముందు వెతుకుతూ కూచుంటే ఊపు పోతుంది. మంచి పుట్టేది చెడులోంచే, వేరే సరుకేదీ లేదంటాడు విల్లీ. మరి ఏది మంచో తేల్చేదెవరని ఆడమ్ అడుగుతాడు. పని చేసుకుంటూ పోతుంటే అదేదో మనమే కల్పించుకుంటామన్న అర్థం వచ్చేలా జవాబిస్తాడు విల్లీ. ఆ తర్వాత, ఇంత తెలిసిన ఆడమ్ ఆ పదవి తీసుకుంటాడు.

ఇక్కడ అడగవలసింది విల్లీ గురించి కాదు, ఆడమ్ గురించి. ఆ తర్వాత జాక్ బర్డెన్ గురించి: పత్రికా విలేకరి, చదువుకున్నవాడు, విల్లీ కోసం జడ్జి స్టాంటన్ పాత తప్పు తవ్వి తీసినవాడు. ఆ రుజువును విల్లీ చేతిలో పెట్టిన ఆడమ్ సోదరి ఆన్ స్టాంటన్ గురించి. విల్లీని పదవిలోంచి దించే అభిశంసన వేళ ఆ రుజువుతోనే జడ్జిని లొంగదీయబోతే ఆయన కాల్చుకున్నాడు. చీటీల్లో ఈ ముగ్గురి పేర్లూ దాదాపు ఎవరూ రాయరు. అడిగింది విల్లీ గురించే కదా. ఆ ఖాళీని సభకు చూపించండి. హాల్లో కూర్చున్నది ఎక్కువమంది విల్లీలు కారు, జాక్‌లూ ఆడమ్‌లూ. చర్చ కాస్త ఇబ్బందిగా మారితే దారిలో పడినట్టే.

హ్యూయీ లాంగ్ సంగతి ఇప్పుడు చెప్పండి, మూడు నిమిషాలు మించకుండా. 1928లో గవర్నరయ్యాడు, బడిపిల్లలకు ఉచితంగా పుస్తకాలిచ్చాడు, రోడ్లూ వంతెనలూ కట్టించాడు. 1929లో ఆ రాష్ట్ర చట్టసభలోని దిగువ సభ అభిశంసించింది. ఏం చూపించినా దోషి అనబోమని 15 మంది రాష్ట్ర సెనేటర్లు (ఎగువ సభ సభ్యులు) సంతకాలు చేయడంతో బయటపడ్డాడు. 1935 సెప్టెంబరు 8న రాష్ట్ర రాజధాని బేటన్ రూజ్‌లోని కాపిటల్ (చట్టసభ) భవనంలో తూటా తగిలి రెండు రోజులకు చనిపోయాడు. ఆ 15 సంతకాల మాట దగ్గర ఆగండి. జాక్, ఆడమ్‌ల గురించి సాగుతున్న మాటకు అది సరిగ్గా అతుకుతుంది.

చివరి పదిహేను నిమిషాలు బోర్డు మూలనున్న పేర్లు తీయొచ్చు. అప్పటికి సగం పేర్ల మీద ఎవరికీ ఆసక్తి ఉండదు. మిగిలినవాటికి కూడా నియమం అదే: పేరుతో పాటు సీను.

నలభై మంది దాటితే ఈ పద్ధతి పనిచేయదు. చీటీలు పంచుకుని రెండు గదుల్లో వేర్వేరుగా నడపండి. పదిమంది లోపైతే కుప్పలు అక్కర్లేదు, ఒక్కో చీటీ చదువుకుంటూ పోవచ్చు. మైకు మాత్రం ఎప్పుడూ చేతికివ్వకండి. మీరే పట్టుకుని వాళ్ల నోటిముందు పెట్టండి.