వేరుశనగ విత్తే ముందే గిట్టుబాటు లెక్క ఎలా వేసుకోవాలి?

మా కావలి వైపు ఇసుక నేలల్లో వేరుశనగ వేసినవాళ్లను ఎంత మిగిలిందని అడిగితే అమ్మిన డబ్బు చెబుతారు, పెట్టింది చెప్పరు. నేనూ కొన్నేళ్లు అంతే.

ముందు ఒక నోటు పుస్తకం పెట్టండి. దుక్కి, జిప్సం, మందులు, పెరుకుడు కూలి, ట్రాక్టర్ బాడుగ ఎలాగూ రాస్తారు. వదిలేసేది విత్తనం, ఎకరాకు 60 నుంచి 80 కిలోల పప్పు పడుతుంది, ఇంట్లో దాచుకున్నదైనా ఆ రోజు బజారు ధరే వేయండి. కౌలు, ఇంట్లోవాళ్ల కూలి కూడా ఖర్చే (ఇది రాస్తే మా ఇంట్లో గొడవైంది, అది వేరే సంగతి).

ఆ మొత్తాన్ని క్వింటాళ్లతో భాగించండి. ఉదాహరణకు ఎకరాకు 48,000 పెట్టి 8 క్వింటాళ్లు తీస్తే క్వింటా 6,000 పడింది. 2025-26కి మద్దతు ధర 7,263 కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది. అదే వాన దెబ్బకో, ఊడలు (పూత తర్వాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే టైములో నీళ్లు చాలకో 6 క్వింటాళ్లే వస్తే? 8,000 పడుతుంది, మద్దతు ధర వచ్చినా నష్టమే. అందుకే లెక్క తక్కువ దిగుబడి మీదే వేయండి. బస్తాల్లో వద్దు, బస్తా తూకం ఊరికో రకం.

కాయ పెరికాక అసలు టెన్షన్ మొదలు. వ్యాపారులు కళ్లం దగ్గరికే వచ్చి, పూర్తిగా ఆరని పచ్చికాయ అడుగుతారు. 15 శాతం తేమ ఉన్న 100 కిలోలు 8 శాతానికి ఎండితే 92 కిలోల పైచిలుకు మిగులుతాయి. అంటే పచ్చికాయ 6,200కి అడిగితే, ఎండుకాయకు 6,710 దాటి వస్తేనే ఎండబెట్టిన కష్టానికి ఫలితం. అయితే ఇంట్లో నిల్వ పెట్టేదైతే ఎండాల్సిందే, చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, లేకపోతే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది.

బేరానికి ముందు మీరే కిలో కాయ ఒలిచి పప్పు తూయండి. 700 గ్రాములు వస్తే గట్టిగా అడగొచ్చు. పూత టైములో ఎకరాకు 200 కిలోల జిప్సం ఎగ్గొట్టినవాళ్లకు పప్పు నిండని తప్పకాయలు ఎక్కువై ఇక్కడే దెబ్బ పడుతుంది. తరుగు, హమాలీ, కమీషన్ ముందే మాట్లాడుకోండి, ఒకసారి నేను కాటా అయ్యాక అడిగాను, అప్పటికే బస్తాలు లారీ ఎక్కేశాయి.

ప్రభుత్వ కొనుగోలు పెడితే అమ్మాలంటే ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, మీ పంట ఎక్కి ఉండాలి, కౌలు రైతులు ఇది మరీ చూసుకోవాలి.

గానుగ ఆడించాలనుకుంటే 100 కిలోల కాయకు 70 కిలోల పప్పు, పప్పులో 40 శాతం దిగితే 28 కిలోల నూనె, దాదాపు 30 లీటర్లు. ఆడించిన కూలి తీసేసి, నూనె తీశాక మిగిలిన చెక్కకు (పిండికి) గేదెలున్నవాళ్లు ఎంతిస్తారో కలిపి, కాయగా అమ్మితే వచ్చేదానితో పోల్చండి. నూనె కొనే ఇళ్లు ముందే చేతిలో ఉంటేనే ఆ పనికి దిగండి, నేనైతే మొదట రెండు క్వింటాళ్లే ఆడించాను.