అద్దెకిచ్చేది రెండు గదులే: పర్మిషన్ల బరువు ఎలా కొలవాలి, ఎలా తగ్గించాలి

మా మరిది కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఊరికొచ్చాడు. రామప్పకు పోయే దారిలో మాకు పాత పెంకుటిల్లు ఉంది. 2021 జులైలో గుడికి యునెస్కో గుర్తింపు వచ్చాక, రాత్రికి ఉండటానికి ఏమైనా దొరుకుతుందా అని మా వాకిట్లో ఆగి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. రెండు గదులకు సున్నం కొట్టించి, బాత్రూమ్ కట్టించి అద్దెకిద్దామనుకున్నాడు. నాలుగు నెలల తర్వాత కాగితాల సంచీ తెచ్చి నా ముందు పెట్టి, "పెద్దమ్మా, ఇగ నాతోని కాదు" అన్నాడు.

నేను మండల స్థాయి ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌గా రిటైరయ్యాను. సర్వీసంతా కౌంటర్‌కు అవతల కూర్చున్నదాన్ని. ఇవతల నిలబడటం ఎలా ఉంటుందో వాడి సంచీ విప్పాకే తెలిసింది. అప్పుడు మేమిద్దరం కూర్చుని చేసిన పనినే ఇక్కడ రాస్తున్నాను. లక్నవరం చెరువు దగ్గర టిఫిన్ సెంటర్ పెట్టేవాళ్లయినా, బొగత జలపాతం దగ్గర దుకాణం పెట్టేవాళ్లయినా, ఖిలా వరంగల్‌లో ఇంట్లో గది అద్దెకిచ్చేవాళ్లయినా ఇలాగే చేసుకోవచ్చు.

ముందు ఒక పెద్ద నోటుబుక్కు కొనండి. అడ్డంగా గీతలు గీసి ఒక్కో కాగితానికి ఒక్కో వరస ఇవ్వండి. కాగితం పేరు, అడిగిన ఆఫీసు, ఏ చట్టం లేదా జీవో కింద అడిగారు, ఎన్నిసార్లు తిరిగారు, మొదటి రోజు నుంచి చేతికొచ్చిన రోజు వరకు ఎన్ని రోజులు పట్టింది, ఎంత ఖర్చయింది. ఆఖరి గడిలో, ఈ కాగితం ఎవరిని కాపాడుతోందో రాయండి. నింపడానికి ఎక్కువ సేపు పట్టేది ఈ గడికే. అయినా దాన్ని ఖాళీగా వదలొద్దు.

మావాడి పుస్తకంలో భోజనం పెట్టడానికి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఒక వరస. వాడు తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి ఫీజు 100 రూపాయలు. ఎవరిని కాపాడుతుంది? తినేవాళ్లను. ఆ గడి వెంటనే నిండింది. విదేశీ అతిథి వస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి, ఫారం సి అని అందరూ పిలిచేది అదే. అదీ అర్థమైంది. జీఎస్టీ వరస దగ్గర మాత్రం ఆగాం. సేవల వ్యాపారానికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వీడి రెండు గదులకు అంత ఎక్కడిది? అయినా ఒక ఏజెంటు భయపెట్టి డబ్బు తీసుకున్నాడు. ఆ వరసను ఎర్ర పెన్నుతో కొట్టేశాం.

అసలు చిక్కు ఒక ఎన్‌ఓసీ దగ్గర వచ్చింది. ఒక ఆఫీసు, ఇంకో ఆఫీసు నుంచి అభ్యంతరం లేదని లెటర్ తెమ్మంది. ఆ రెండో ఆఫీసేమో అలాంటి లెటర్ మేం ఇవ్వం అంది. ఈ మధ్యలోనే అయిదు వారాలు పోయాయి. చట్టం గడిలో ఏం రాయాలని అడిగితే వాడు నా మొహం చూశాడు. అంటే అడిగినవాళ్లు ఏ రూలూ చెప్పలేదు.

ఇక్కడే సమాచార హక్కు చట్టం పనికొస్తుంది. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ ప్రశ్న రాయడం తెలియాలి. "ఎందుకు అడుగుతున్నారు?" అని రాస్తే జవాబు రాదు, కారణాలు వివరించే బాధ్యత వాళ్లకు లేదు. "ఈ ఎన్‌ఓసీ అడగాలని చెప్పే చట్టం, జీవో లేదా సర్క్యులర్ నకలు ఇవ్వండి" అని రాయాలి. మేం అలాగే రాశాం. తమ దగ్గర అలాంటి నకలేదీ లేదని జవాబొచ్చింది. తర్వాత ఆ లెటర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాకు కోపం కంటే బాధే ఎక్కువైంది. నా సీటులో ఉండగా నేనూ ముందున్నవాళ్లు అడిగారు కాబట్టి కొన్ని కాగితాలు అడిగి ఉంటాను.

అందుకే ప్రతి వరస పక్కన ఒక గుర్తు పెట్టండి. చట్టంలో రాసి ఉంటే "చ". ఆఫీసు అలవాటైతే "అ". చట్టం సరైనదే గానీ ఆలస్యం వల్ల బాధ అయితే "ఆ". మా పుస్తకంలో "అ", "ఆ" కలిపితే సగం పైనే తేలాయి.

ఇప్పుడు ఖర్చు. రసీదులో ఉన్న ఫీజు ఒక్కటే రాస్తే లెక్క తప్పుతుంది. నెదర్లాండ్స్‌లో మొదలైన ఒక పద్ధతి గురించి సర్వీసులో ఉండగా ఒక శిక్షణలో విన్నాను. స్టాండర్డ్ కాస్ట్ మోడల్ అంటారు. పోయిన సమయానికి కూలి కట్టి, ఎన్నిసార్లు, ఎంతమంది అన్నదాంతో గుణించాలి. మావాడు 11 సార్లు తిరిగాడు. ఒక్కసారికి బస్సు, జిరాక్సులు, టీ కలిపి 160 రూపాయలు, పోయిన రోజు కూలి 700. మొత్తం 9,460 రూపాయలు. ఫీజుల కింద కట్టింది పదిహేను వందలు కూడా లేదు. ఇంటి పన్ను రసీదు జిరాక్సు ఒక్కటే ఏడు చోట్ల ఇచ్చాడు.

అయితే అన్నీ తీసేయమనే మాట నాకు నచ్చదు. రామప్పను కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఆ గుడి ఎదుటే మూడంతస్తుల లాడ్జి లేస్తే చూడ్డానికి ఎవరొస్తారు? 1958 నాటి పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, రక్షిత కట్టడం నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడాలు నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. ఇది ఉండాలి. తాడ్వాయి, ఏటూరునాగారం లాంటి ఏజెన్సీ మండలాల్లో గిరిజనుల భూమిని కాపాడే 1/70 చట్టం కూడా ఉండి తీరాలి. లైఫ్ జాకెట్ లేకుండా పడవెక్కించొద్దన్న రూలునూ ఎవరికోసమూ సడలించకూడదు.

కానీ ఖిలా వరంగల్‌లో తరతరాలుగా కోటలోనే ఉంటున్నవాళ్లు వానకు కారే కప్పు బాగు చేసుకోవడానికీ భయపడుతున్నారు. 100 మీటర్ల లోపల కూడా పాత ఇంటి మరమ్మతులకు అనుమతి తీసుకోవచ్చని చాలామందికి తెలియదు. ఆ అనుమతికి చట్టమే గడువు పెట్టింది: అర్జీ తీసుకున్న అధికారి దాన్ని 15 రోజుల్లో నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీకి పంపాలి, అథారిటీ రెండు నెలల్లో సిఫారసు చెయ్యాలి, ఆ తర్వాత నెలలో నిర్ణయం రావాలి. అర్జీ పెట్టినవాళ్లు ఈ మూడు తేదీలు నోటుబుక్కులో రాసుకోండి. గడువు దాటిందా, అది "ఆ" గుర్తు వరస. అడగాల్సింది త్వరగా తేల్చమనే.

అయిదారు కుటుంబాల పుస్తకాలు పోగయ్యాక రెండు పేజీల అర్జీ రాయండి, అంతకు మించితే చదవరు. ముందు గ్రామసభలో తీర్మానం చేయించి, దాన్ని జతపరిచి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. "అ" వరసలన్నీ అక్కడే తేలతాయి, కలెక్టర్ ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. పార్లమెంటు చట్టాన్ని మార్చమని కలెక్టర్‌ను అడిగితే మిగతా అర్జీ బరువు కూడా తగ్గిపోతుంది.

ఏం అడగాలి? ఇంటి కాగితాలు ఒక్కసారే తీసుకుని అన్ని ఆఫీసులూ అవే చూడాలి. రెన్యువల్స్ అన్నీ ఒకే నెలలో రావాలి. చిన్న ఇళ్లకు ముందు స్వీయ ధ్రువీకరణ మీద అనుమతిచ్చి, తర్వాత వచ్చి తనిఖీ చేయాలి, అబద్ధం చెప్పినవాళ్లకు జరిమానా వేయాలి. ఇదేమీ మన రాష్ట్రానికి కొత్త కాదు. స్వీయ ధ్రువీకరణ మీద అనుమతిచ్చే పద్ధతులు పరిశ్రమలకు 2014 చట్టంతో టీఎస్-ఐపాస్ పేరుతో, పట్టణాల్లో ఇళ్లకు 2020లో టీఎస్-బీపాస్ పేరుతో వచ్చాయి. పట్టణంలో 75 గజాల స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి ఒక్క రూపాయితో రిజిస్ట్రేషన్ చాలన్నప్పుడు, రామప్ప దారిలో రెండు గదులకు 11 తిరుగుళ్లెందుకని అర్జీలో నేనే రాశాను.

మీది లాడ్జి కాదని కూడా స్పష్టంగా రాయండి. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం ప్రకారం యజమాని అదే ఇంట్లో ఉండాలి, గదులు ఆరుకు, మంచాలు 12కు మించకూడదు. ఆ పథకంలో చేరినా చేరకపోయినా, ఇంటికీ లాడ్జికీ తేడా చూపడానికి ఆ కొలత పనికొస్తుంది.

అర్జీ ఇచ్చాక మూడు నెలలు ఆగి, కొత్తగా మొదలుపెట్టిన ఇంకో కుటుంబం చేత అదే నోటుబుక్కు నింపించండి. మా వీధి చివర ఇంటి కోడలు పోయిన ఏడాది నింపింది. ఆమెవి నాలుగు తిరుగుళ్లు. ఇంటి పన్ను రసీదు ఇంకా మూడు చోట్ల అడుగుతున్నారు, వచ్చే ప్రజావాణికి ఆ ఒక్క విషయం మీదే వెళ్తున్నాం.