పడవకు రంగు వేసే విద్య – మూడవ పాఠం: జంగు వదిలించడం, ఎపాక్సీ మొదటి పూత

గత పాఠంలో ఉక్కు లాంచీని గట్టుకు ఎక్కించి, నూనె మరకలను సబ్బునీటితోనూ బురదను మంచినీటితోనూ కడిగి, పెచ్చులు లేచిన పాత రంగును స్క్రాపర్‌తో గీకివేయడం వరకు నేర్చుకున్నాము. ఈ పాఠంలో మిగిలిన జంగును (తుప్పును) వదిలించి, రెండు భాగాలు కలిపితే గట్టిపడే రంగైన ఎపాక్సీ ప్రైమర్‌ను మొదటి పూతగా వేద్దాము. నాగార్జునసాగర్‌లో, సోమశిల దగ్గర లాంచీల మీద పనిచేసేవారికీ, పాలమూరు, నల్లగొండ జిల్లాల నుండి విశాఖపట్నం, కాకినాడ వంటి రేవులకు పెయింటింగ్ పనికి వెళ్లేవారికీ పద్ధతి చాలావరకు ఒక్కటే. తేడా వచ్చే చోట విడిగా చెబుతాను.

వైర్ బ్రష్‌తో గట్టిగా రుద్దితే జంగు నున్నబడి మెరుస్తుంది. ఆ మెరుపును శుభ్రమైన ఉక్కుగా పొరబడకూడదు. నున్నబడిన జంగు కింద తడి అలాగే ఉంటుంది, పైన వేసిన పూతకు పట్టు దొరకదు. అందువల్ల బ్రష్ తరువాత ఎమరీ డిస్క్ బిగించిన గ్రైండర్‌తో గీతలు పడేలా రుద్దాలి. కొత్త రేకు మీద నీలి నలుపుగా కనిపించే పొర ఉక్కులో భాగమని చాలామంది వదిలేస్తారు. అది కార్ఖానాలో రేకును కాల్చి సాగదీసినప్పుడు ఏర్పడిన ఆక్సైడ్ పొర, దానిని కూడా తీసివేయవలసిందే. ఐఎస్ఓ 8501-1 ప్రమాణంలో చేతి పనిముట్లతో, గ్రైండర్లతో సాధించే మేలైన స్థాయిని ఎస్‌టీ 3 అని, బ్లాస్టింగ్‌తో, అంటే గాలి ఒత్తిడితో గరుకు రేణువులను రేకు మీదికి కొట్టి, దాదాపు తెల్లని లోహం కనిపించేలా చేసే స్థాయిని ఎస్‌ఏ 2½ అని అంటారు. నీటి గీతకు పైనున్న భాగానికి ఎస్‌టీ 3 సరిపోవచ్చు గాని, ఎప్పుడూ నీటిలో మునిగి ఉండే అడుగుకు బ్లాస్టింగే నమ్మదగినది. అయితే నది ఇసుకతో బ్లాస్టింగ్ ఎంతమాత్రమూ చేయవద్దు. ఆ సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరితే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. ఇసుకకు బదులు కాపర్ స్లాగ్ (రాగిని కరిగించగా మిగిలిన చిట్టెం) గాని గార్నెట్ (ఒక గట్టి ఖనిజం) గాని వాడండి, అప్పుడు కూడా గాలి అందించే హెల్మెట్ లేకుండా నాజిల్ పట్టవద్దు.

ఇక ఈ పాఠానికి గుండెకాయ వంటి విషయానికి వద్దాము: ఏ వేళకు పూత వేయాలి? పుస్తకాలలోని సూచనలు ఎక్కువగా తేమను దృష్టిలో పెట్టుకొని రాసినవి. గాలిలో తేమ 85 శాతం మించకూడదు, ఉక్కు ఉష్ణోగ్రత మంచు బిందువు (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి. రేవులో గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచు బిందువు సుమారు 26 డిగ్రీలు. అంటే ఉక్కు 29 డిగ్రీలకు తగ్గితే డబ్బా తెరవకూడదు. మన దగ్గర మే నెలలో గాలి 40 డిగ్రీలు, తేమ 25 శాతం ఉన్నప్పుడు మంచు బిందువు 16 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి తేమ భయం లేదు, కాని ఉక్కు కాలిపోతూ ఉంటుంది. జలాశయం నీరు తగ్గే ఎండాకాలంలోనే పడవను గట్టుకు ఎక్కించడం సులువు గనుక ఈ ఇబ్బందిని తప్పించుకోలేము. వేడి రేకు మీద పడిన పూతలోని థిన్నర్ (రంగును పలుచన చేసే ద్రవం), రంగు పరుచుకునే లోపే ఆవిరై, సూదిరంధ్రాలను మిగులుస్తుంది. స్ప్రే చేస్తే రంగు గాలిలోనే సగం ఎండి పొడిలా అంటుకుంటుంది. అరచేతిని రేకు మీద సుఖంగా ఉంచలేకపోతే పని ఆపండి. ఎండాకాలంలో తెల్లవారగానే మొదలుపెట్టి, పొద్దున పడమటి పక్కకు, సాయంత్రం తూర్పు పక్కకు, అంటే ఎప్పుడూ నీడలో ఉన్న పక్కకే వేయాలి. వానలు తగ్గిన అక్టోబరు, నవంబరు నెలల్లో దీనికి పూర్తిగా విరుద్ధం: రాత్రి ఆకాశం కింద చల్లబడిన రేకు గాలి కన్నా చల్లగా ఉండి తెల్లవారుజామున మంచు పడుతుంది, కనుక ఎండ తగిలి రేకు పూర్తిగా ఆరాకే మొదలుపెట్టి, మధ్యాహ్నం దాటగానే ముగించాలి.

ఎపాక్సీలోని రెండు భాగాలను, అంటే బేస్‌ను, దానిని గట్టిపరిచే హార్డెనర్‌ను డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలపాలి. హార్డెనర్ ఎక్కువైతే త్వరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. పాళ్లు తప్పిన ఎపాక్సీ ఎప్పటికీ సరిగా గట్టిపడదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కలిపిన రంగు వాడుకోగల సమయం దాదాపు సగానికి తగ్గుతుంది కాబట్టి మన ఎండలో కొద్దికొద్దిగానే కలుపుకోవాలి. చిక్కబడటం మొదలైన రంగులో థిన్నర్ పోసి మళ్లీ వాడవద్దు.

ముందుగా వెల్డింగ్ గీతలు, అంచులు, బోల్టుల చుట్టూ బ్రష్‌తో ఒక పూత వేయండి. తడి రంగు పదునైన అంచు నుండి వెనక్కు లాగుకొని అక్కడ పలుచబడుతుంది, జంగు మొదట తిరిగి వచ్చేది కూడా అక్కడే. ఆ తరువాత మొత్తం పూత. ఆరాక 125 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కావాలనుకుందాము. రంగులో ఘనపదార్థం 75 శాతం అయితే తడి మందం 125ను 0.75తో భాగించగా 167 మైక్రాన్లు. పదో వంతు థిన్నర్ కలిపితే ఘనపదార్థం 68 శాతానికి పడిపోయి, తడి మందం 183 మైక్రాన్లు కావాలి. థిన్నర్ కలిపి పాత మందమే వేయడం వల్లనే చాలా పూతలు పలుచగా మిగిలిపోతాయి. తడి మందం కొలిచే దువ్వెన గేజ్ చవకైనది, జేబులో ఉంచుకోండి.

రేవుకు వెళ్లేవారు గుర్తుంచుకోవలసింది: సముద్రపు ఉప్పు పూత కింద మిగిలితే అది నీటిని లోపలికి లాగి బొబ్బలు లేపుతుంది, కాబట్టి బ్లాస్టింగ్‌కు ముందు మంచినీటితో కడగడం అక్కడ తప్పనిసరి. ఓడ అడుగుకు బార్నకిల్ అనే గుల్ల జీవులు అంటుకోకుండా వేసే రాగి కలిసిన పూత సాగర్ లాంచీకి అవసరం లేదు. ఆ జీవులు ఉప్పునీటివి, పైగా రాగి మన చేపలకు హాని చేస్తుంది. సముద్రంలో తిరిగే ఓడ అడుగుకు జింక్ ఏనోడ్ (తాను కరిగిపోతూ ఉక్కును కాపాడే లోహపు ముక్క) బిగిస్తారు, మంచినీటిలో మెగ్నీషియం ఏనోడ్ కావాలి. ఏదైనా సరే ఏనోడ్ మీద రంగు పడితే అది పనిచేయదు, ముందే కాగితం చుట్టండి.

తరువాతి పాఠానికి ముందు ఒక లెక్క చేసి ఉంచుకోండి. 60 చదరపు మీటర్ల అడుగుకు, ఘనపదార్థం 80 శాతం ఉన్న రంగుతో, ఆరాక 150 మైక్రాన్ల పూత వేయాలి. తడి మందం ఎంత ఉండాలి? వృథాను లెక్కలోకి తీసుకోకుండా ఎన్ని లీటర్లు కావాలి?