పంట కాపలాకు తుపాకీ: లైసెన్స్‌కు దరఖాస్తు ఎలా చేయాలి?

ములుగు, తాడ్వాయి, నర్సంపేట వైపు మక్క చేను వేసినవాళ్లకు అడవి పందుల బాధ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ తుపాకీ లైసెన్స్ చేతికొస్తే పందిని కొట్టొచ్చని చాలామంది అనుకుంటారు. లైసెన్స్ ఆయుధం దగ్గర పెట్టుకోవడానికి మాత్రమే. కాల్చాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి వేరే ఉండాలి.

రైఫిల్ మీద ఆశ పెట్టుకోకండి. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణకు చెప్పింది భర్మార్, అంటే గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీ. అది సరిపోదని అధికారికి నమ్మకం కలిగితే గొట్టం లోపల గాడులు లేని మరో తుపాకీకి ఇవ్వొచ్చు. రైఫిల్‌కు ఆ గాడులుంటాయి.

హనుమకొండ, వరంగల్, జనగామ వాళ్లకు లైసెన్స్ ఇచ్చేది వరంగల్ పోలీస్ కమిషనర్. ములుగు, భూపాలపల్లి వాళ్లకు కలెక్టర్. 21 ఏళ్లు నిండి ఉండాలి. ఆయుధ లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైట్ ఎన్‌డీఏఎల్-అలిస్ పోర్టల్‌లో ఫారం ఎ-1 నింపాలి. ఫొటోలు, వయసు, చిరునామా రుజువులు, ఆయుధ భద్రత శిక్షణ సర్టిఫికెట్, మానసిక, శారీరక ఆరోగ్యంపై డాక్టర్ సర్టిఫికెట్ జతచేయాలి. సర్వే నంబరు, వేసిన పంట, పంట నష్టంపై ఇదివరకు అటవీ శాఖకు ఇచ్చిన ఫిర్యాదుల కాపీలు కూడా పెడితే మంచిది. 'పంట రక్షణ కోసం' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఎంక్వైరీకి వచ్చిన ఎస్‌ఐకి మళ్లీ అంతా చెప్పుకోవాలి.

ఆస్తి తక్కువుందన్న ఒక్క కారణంతో దరఖాస్తు తిరస్కరించకూడదని 14వ సెక్షన్ అంటోంది. కౌలు రైతులు ఇది గుర్తుపెట్టుకోవాలి. పోలీస్ రిపోర్ట్‌కు నిబంధనల్లో 30 రోజుల గడువుంది. లైసెన్స్ వస్తే ఐదేళ్లు చెల్లుతుంది.

ఇక తూటాలు. అమెరికాలో పెద్ద జంతువుల వేటకు వెళ్లేవాళ్లు ఇత్తడి ఖోళీ, ప్రైమర్, మందు, బుల్లెట్ కొనుక్కుని ఇంట్లోనే రైఫిల్ తూటాలు తయారు చేసుకుంటారు. ఆ వీడియోలు చూసి ఇక్కడ ప్రయోగాలు చేస్తే జైలే. మన చట్టంలో తూటాల విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా మందుగుండు కిందికే వస్తాయి. లైసెన్స్ లేకుండా తయారుచేస్తే కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. లైసెన్స్‌లో రాసినంతవరకే, లైసెన్సున్న డీలర్ దగ్గరే కొనండి.

అనుమతి తీసుకుని కొట్టిన పంది కూడా ప్రభుత్వ ఆస్తే. ఊళ్లో పంచుకుంటే మరో కేసు.